నవముస్లింకు తోడుగా నిలవడం ఎలా: కలిమా చదివిన రోజు నుంచి తొలి ఏడాది వరకు

జుమా నమాజు ముగిశాక ఇమాం సాబ్ ఎదుట కూర్చుని ఒక యువకుడు కలిమా, అంటే ఇస్లాం స్వీకరించే సాక్ష్యవచనం, చదువుతాడు. వరుసల్లో ఉన్నవారంతా లేచి వచ్చి అతన్ని గుండెలకు హత్తుకుంటారు, కొందరి కళ్లు చెమ్మగిల్లుతాయి, ఎవరో ఖర్జూరాలు పంచుతారు. అరగంటలో మస్జిద్ ఖాళీ అవుతుంది. ఆ యువకుడు తన అద్దె గదికి ఒంటరిగా తిరిగి వెళ్తాడు. మగ్రిబ్ (సూర్యాస్తమయం తరువాతి నమాజు) వేళకు ఏం చేయాలో, ఎవరిని అడగాలో, రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఏం చెప్పాలో అతనికి తెలియదు. ఆ అరగంట తరువాత మొదలయ్యే ఏడాది గురించి, ఆ ఏడాదిలో మస్జిద్ కమిటీలు, ఇరుగుపొరుగు ముస్లిం కుటుంబాలు వరుసగా చేయవలసిన పనుల గురించి ఈ మార్గదర్శిని రాస్తున్నాను. తెలుగు జిల్లాల్లోని పరిస్థితులనే దృష్టిలో పెట్టుకున్నాను. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు కూడా దీన్ని చదువుకోవచ్చు. తాము ఏమేమి అడగడానికి హక్కు ఉన్నదో వారికి తెలుస్తుంది.

మొదటి పని: కలిమాకు ముందే తీరిగ్గా మాట్లాడటం

కలిమా చదవడానికి మతపరంగా పెద్ద తతంగం ఏదీ అక్కరలేదు. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడనీ, ముహమ్మద్ (స: అల్లాహ్ శాంతి శుభాలు కలుగుగాక) ఆయన ప్రవక్త అనీ అర్థం తెలిసి, మనస్ఫూర్తిగా సాక్ష్యమివ్వడమే దాని సారాంశం. అయినా వచ్చిన వ్యక్తితో ఒకటి రెండు సార్లు తీరిగ్గా కూర్చుని మాట్లాడటం పెద్దల బాధ్యత. వయసు 18 నిండిందా, ఎవరి ఒత్తిడీ లేకుండా వస్తున్నారా, పెళ్లి కోసం మాత్రమే వస్తున్నారా, ఇంట్లో వారికి తెలుసా, ఏకదైవారాధన అంటే ఏమిటో అర్థమైందా అన్న ప్రశ్నలు మృదువుగా అడగాలి. 18 నిండనివారు ఆసక్తితో వస్తే, తల్లిదండ్రులకు తెలియకుండా వారి చేత ఏ పత్రం మీదా సంతకం పెట్టించకూడదు.

ఇక్కడ డబ్బు ప్రస్తావన రాకూడదు. ఉద్యోగం చూస్తామనీ, అప్పు తీరుస్తామనీ కలిమాకు ముందు ఎవరూ మాట ఇవ్వకూడదు. అలా ఇచ్చిన మాట ఆ వ్యక్తి విశ్వాసం మీదే మచ్చ వేస్తుంది, చట్టం దృష్టిలోనూ చిక్కు తెస్తుంది. రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ అంతరాత్మ స్వేచ్ఛనూ, మతాన్ని ఆచరించి ప్రచారం చేసుకునే హక్కునూ ఇచ్చింది. అయితే ప్రచారం చేసే హక్కులో మరొకరి మతాన్ని మార్పించే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. కాబట్టి నిర్ణయం పూర్తిగా వచ్చినవారిదే అయి ఉండాలి. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల్లో మత మార్పిడిపై ప్రత్యేక చట్టాలు ఉన్నాయి; ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్న తెలుగువారు ముందుగా న్యాయవాదిని సంప్రదించి, అవసరమైన చోట జిల్లా యంత్రాంగానికి తెలియజేసిన తరువాతే అడుగు వేయాలి.

రెండవ పని: ఆ రోజును నిరాడంబరంగా జరపడం

గుస్ల్ (శుద్ధి స్నానం) చేసి శుభ్రమైన బట్టలు వేసుకుని రమ్మనండి. అరబీ వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా పలికించండి: అష్‌హదు అన్ లా ఇలాహ ఇల్లల్లాహ్, వ అష్‌హదు అన్న ముహమ్మదన్ రసూలుల్లాహ్. వెంటనే దాని అర్థాన్ని తెలుగులో చెప్పించండి. ఉచ్చారణ తడబడితే నవ్వేవారిని అక్కడ కూర్చోబెట్టకండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది: ఆ దృశ్యాన్ని ఫోన్లలో చిత్రీకరించి వాట్సాప్ గ్రూపులకు పంపకండి. కొడుకు ఇస్లాం స్వీకరించిన సంగతి తల్లికి అతని నోటి నుంచి తెలియడం వేరు, ఊళ్లో ఎవరో చూపించిన వీడియో ద్వారా తెలియడం వేరు. రెండవ విధంగా తెలిసినప్పుడు మూసుకుపోయిన తలుపులు ఏళ్ల తరబడి తెరుచుకోకపోవడం నేను చూశాను. ఎప్పుడు, ఎవరికి, ఏ మాటల్లో చెప్పుకోవాలో నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిది మాత్రమే.

సున్తీ గురించి పురుషులు భయపడుతుంటారు. ఇస్లాం స్వీకరణకు అది షరతు కాదని ఆ రోజే చెప్పండి. చేయించుకోవాలనుకుంటే తరువాత ఎప్పుడైనా ఆసుపత్రిలో సర్జన్ చేత చేయించుకోవచ్చు. గతంలో చదవని నమాజుల లెక్క కట్టనక్కరలేదని, ఇస్లాం దానికి ముందున్న పాపాలను తుడిచివేస్తుందని ప్రవక్త (స) తన సహచరుడు అమ్ర్ బిన్ ఆస్ (ర: అల్లాహ్ ప్రసన్నుడగుగాక)తో అన్న మాటను వినిపించండి. ఆ ఒక్క మాటతో చాలామంది గుండె తేలికపడుతుంది.

మూడవ పని: ఒక వ్యక్తికి ఒక ఇంటిని చూపించడం

మిగిలిన పనులన్నీ దీని మీదే ఆధారపడి నిలుస్తాయి. 622లో మక్కా నుంచి ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన ముహాజిర్లను ప్రవక్త (స) ఏదో ఒక సత్రంలో ఉంచి ఊరుకోలేదు. ఒక్కొక్కరిని మదీనాలోని ఒక్కొక్క అన్సారీకి (ఆదరించిన స్థానిక ముస్లింకు) సోదరుడిగా జత చేశారు. పర్షియా నుంచి వచ్చి ఇస్లాం స్వీకరించిన సల్మాన్ (ర)ను అబూ దర్దా (ర)కు జత చేశారు. రాత్రంతా నమాజుల్లో, పగలంతా ఉపవాసాల్లో గడుపుతూ భార్యను పట్టించుకోని అబూ దర్దాను చూసి, నీ ప్రభువుకు నీ మీద హక్కు ఉంది, నీ శరీరానికి హక్కు ఉంది, నీ ఇంటివారికీ హక్కు ఉంది అని మందలించినది సల్మానే. ప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. జత కట్టిన ఇంటివారు గురువులుగా, వచ్చినవారు శిష్యులుగా ఎప్పటికీ ఉండిపోనవసరం లేదని ఈ సంఘటన నేర్పుతుంది.

ఇంటిని ఎంచుకునేటప్పుడు ధార్మిక పాండిత్యం కన్నా ఓపికకూ, భాషకూ ప్రాధాన్యం ఇవ్వండి. హైదరాబాద్ పాత బస్తీలో ఖుత్బా (జుమా ప్రసంగం) ఉర్దూలో సాగుతుంది, ఇంట్లో మాటలు దక్కనీలో సాగుతాయి. తెలుగు తప్ప తెలియని అమ్మాయి అక్కడ రోజంతా మౌనంగా కూర్చోవలసి వస్తుంది. కోస్తాలోనూ రాయలసీమలోనూ ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి, దూదేకుల కుటుంబాలు వాటిలో ముఖ్యమైనవి. అలాంటి ఇల్లు దొరికితే సగం భారం దిగినట్లే. వారానికి ఒక పూట భోజనం, రోజుకొక ఫోన్, ఒంట్లో బాగాలేనప్పుడు వచ్చి చూసే మనిషి, పండుగ రోజు దస్తర్‌ఖాన్ మీద ఎదురుచూసే ఒక పళ్లెం: ఆ ఇంటి నుంచి ఆశించేది ఇంతే.

స్త్రీ ఇస్లాం స్వీకరిస్తే ఈ ఏర్పాటు మరింత అవసరం. మన ప్రాంతంలోని చాలా మస్జిదుల్లో స్త్రీలకు చోటు లేదు గనుక ఆమెకు మస్జిద్ ద్వారా పరిచయాలు ఏర్పడవు. ఆమె ఫోన్ నంబరు పురుషుల చేతుల్లో తిరగకూడదు. బోధన బాధ్యతను ఒక ఆపాకో (అక్కకో), వయసు మీరిన ఖాలాకో (పిన్నికో) అప్పగించండి. నెలసరి రోజుల్లో నమాజు ఉండదనీ, దాన్ని తరువాత తీర్చనవసరం లేదనీ, తప్పిన ఉపవాసాలను మాత్రం తరువాత పాటించాలనీ ఒక స్త్రీ చెబితేనే ఆమె సంకోచం లేకుండా ప్రశ్నలు అడగగలదు. ఇంటర్నెట్‌లో పరిచయమై ‘నేను నీకు దీన్ నేర్పుతాను’ అంటూ ఒంటరిగా మాట్లాడే మగవారి పట్ల జాగ్రత్తగా ఉండమని సూటిగా హెచ్చరించడం కూడా ఆ ఆపా బాధ్యతే.

నాల్గవ పని: నమాజును విడతలుగా నేర్పడం

ముఆజ్ (ర)ను యమన్‌కు పంపుతూ ప్రవక్త (స) ఒక క్రమం చెప్పారు: ముందు సాక్ష్యవచనం, వారు దాన్ని అంగీకరిస్తే ఐదు నమాజులు, దాన్నీ అంగీకరిస్తే జకాత్ (తప్పనిసరి దానం). మద్యం నిషేధపు ఆజ్ఞలే మొట్టమొదట దిగి ఉంటే జనం ససేమిరా మానమనేవారని ఆయిషా (ర) చెప్పారు. మనవారు మాత్రం మొదటి వారంలోనే గడ్డం, టోపీ, సంగీతం, ఫొటోలు అన్నీ కలిపి ఒక్కసారే ముందు పెడతారు.

మొదటి వారం వజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) ఒక్కటే చాలు. దానిలో తప్పనిసరి అంశాలు నాలుగు: ముఖం కడుక్కోవడం, మోచేతులతో సహా చేతులు కడుక్కోవడం, తడి చేత్తో తల నిమరడం, చీలమండలతో సహా పాదాలు కడుక్కోవడం. నోరు పుక్కిలించడం, ముక్కు శుభ్రం చేసుకోవడం, మూడేసి సార్లు కడగడం దీనికి తోడుగా నేర్చుకునే పద్ధతులు. కాగితం మీద రాసి ఇవ్వడం కన్నా, వజూ ఖానాలో పక్కన కూర్చుని చేసి చూపిస్తే రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

రెండవ వారం నుంచి జమాత్‌లో (సామూహిక నమాజులో) నిలబెట్టండి. ఇమాం వెనుక రుకూ (వంగడం), సజ్దా (సాష్టాంగపడటం)లను అనుసరిస్తూ శరీరం నమాజు నేర్చుకుంటుంది, నోరు తరువాత నేర్చుకుంటుంది. ఖుర్‌ఆన్ ఏమీ కంఠస్థం కాలేదని చెప్పిన ఒక వ్యక్తికి ప్రవక్త (స) సుబ్‌హానల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్, లా ఇలాహ ఇల్లల్లాహ్, అల్లాహు అక్బర్ వంటి మాటలు నేర్పిన హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనం) ఉంది. ఖుర్‌ఆన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహా వచ్చే వరకు నవముస్లిం వాటితో సాగవచ్చు. ఫాతిహాలో ఉన్నవి 7 ఆయతులు (వాక్యాలు). రోజుకొకటి చొప్పున వారం, మళ్లీ మననానికి మరో వారం కేటాయించండి. తరువాత 4 ఆయతుల ఇఖ్లాస్ సూరా సరిపోతుంది. ఫజ్ర్ 2, జుహ్ర్ 4, అస్ర్ 4, మగ్రిబ్ 3, ఇషా 4, మొత్తం 17 ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు (నమాజులోని ఆవృత్తులు). తొలి రెండు మూడు నెలలు వీటి మీదే దృష్టి నిలపమనండి. సున్నత్, నఫిల్ (అదనపు) రకాతుల సంఖ్యలను మొదటే కలిపి చెప్పి లెక్కల్లో ముంచకండి.

తెలుగు లిపిలో అచ్చయిన అరబీ ఉచ్చారణ పుస్తకాలను మొదట్లో ఊతకర్రగా వాడవచ్చు గాని, మన లిపిలో అరబీ ధ్వనులు చాలా వాటికి అక్షరాలు లేవు. రెండు రకాల ‘హ’, గొంతు లోపలి నుంచి వచ్చే ‘ఐన్’, ‘ఖాఫ్’, ‘జాల్’ వంటివి చెవితో విని నేర్చుకోవలసిందే. రోజుకు పది నిమిషాలు అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ ఎదుట కూర్చుని వల్లించడం మేలైన పద్ధతి. అర్థం మాత్రం తెలుగులోనే చెప్పండి. హైదరాబాద్ నుంచి తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ వంటి సంస్థలు దశాబ్దాలుగా ఖుర్‌ఆన్ అనువాదాలు, ప్రవక్త జీవిత చరిత్రలు తెలుగులో అందిస్తున్నాయి. మొదట ఒక చిన్న జీవిత చరిత్ర ఇచ్చి, అది చదివాకే రెండవ పుస్తకం చేతికివ్వండి.

ఐదవ పని: కన్నవారితో బంధాన్ని కాపాడటం

తొలి ఏడాదిలో నవముస్లింకు ఎదురయ్యే అతిపెద్ద పరీక్ష ఇంటి గుమ్మం దగ్గర ఎదురవుతుంది. నీ విశ్వాసం కాపాడుకోవడానికి ఇల్లు వదిలి రా అని ఉత్సాహంతో సలహా ఇచ్చేవారు ఉంటారు. ప్రాణహాని ఉన్నప్పుడు తప్ప ఆ సలహా తప్పు. బహుదైవారాధన చేయమని తల్లిదండ్రులు ఒత్తిడి తెస్తే ఆ ఒక్క విషయంలో వారి మాట వినవద్దనీ, అయినా ఈ లోకంలో వారితో మంచిగా మెలగమనీ ఖుర్‌ఆన్ లుఖ్మాన్ సూరా (31:15) ఆదేశిస్తుంది. ఇస్లాం స్వీకరించని తన తల్లి చూడటానికి వస్తే ఏం చేయాలని అస్మా బిన్తె అబూబక్ర్ (ర) అడిగినప్పుడు, ఆమెతో బంధాన్ని నిలుపుకో అని ప్రవక్త (స) చెప్పారు.

కాబట్టి ఆచరణలో ఇలా చేయమనండి. ఇంటికి పంపే డబ్బు ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు; వీలైతే పెంచాలి. ఫోన్లు మునుపటి కన్నా ఎక్కువ చేయాలి. వాదనలకు దిగకూడదు, ఇంట్లోని దేవుడి గదిని గురించి గానీ, అమ్మ నోములను గురించి గానీ ఒక్క కించపరిచే మాట అనకూడదు. ‘నేను మీ బిడ్డనే, మిమ్మల్ని చూసుకోవలసింది నేనే’ అన్న మాట అమ్మానాన్నలకు వందసార్లు వినిపించాలి, చేతల్లో కనిపించాలి. నమాజుకు ఇంట్లో అభ్యంతరం ఉంటే గది తలుపు వేసుకుని నిశ్శబ్దంగా చదువుకోవచ్చు. ప్రసాదం, పూజలో కూర్చోవడం వంటివి ఎలా సున్నితంగా దాటాలో, ఏ ఇంటికి ఏ మాట పనికి వస్తుందో ఆ జత కుటుంబంతో ముందే చర్చించుకోవడం మంచిది. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులను కలవడానికి ఆ జత కుటుంబంలోని పెద్దలు స్వయంగా వెళ్లి, పండ్లు ఇచ్చి, ‘మీ అబ్బాయిని మేము మీ నుంచి తీసుకుపోవడం లేదు’ అని చెప్పి వచ్చాక ఉద్రిక్తత తగ్గింది.

తెలుగు ఇళ్లలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఒకటి ఉంది: నాన్న పోతే తలకొరివి ఎవరు పెడతారు? పెద్ద కొడుకు ఇస్లాం స్వీకరించాడని తెలిసిన క్షణం తల్లిదండ్రుల మనసులో మెదిలే భయం చాలాసార్లు ఇదే, వారు దాన్ని పైకి అనకపోయినా. ఇతర మతాల పూజా విధుల్లో పాల్గొనకూడదని ఉలమాలు (ధార్మిక పండితులు) చెబుతారు. అయితే ఆఖరి రోజుల్లో సేవ చేయడం, ఆసుపత్రి ఖర్చులు మోయడం, అంత్యక్రియల ఖర్చు భరించడం, అక్కడ ఉండి అమ్మను ఓదార్చడం, బంధువులకు అన్నీ దగ్గరుండి చూడటం వేరు సంగతి. ఇస్లాం స్వీకరించని అబూ తాలిబ్ మరణించినప్పుడు వెళ్లి తండ్రిని ఖననం చేయమని అలీ (ర)ని ప్రవక్త (స) పంపారు. ఒక యూదుడి శవయాత్ర వెళ్తుంటే ఆయన లేచి నిలబడి, ‘అదీ ఒక ప్రాణమే కదా’ అన్నారు. ఆ రోజు వచ్చే దాకా ఆగకుండా నమ్మకమైన ఆలిం (ధార్మిక పండితుడు)తో ముందే మాట్లాడి, తలకొరివి బాధ్యతను తమ్ముడో బాబాయి కొడుకో తీసుకునేలా ఇంట్లో ముందే అనుకుంటే, శవం ఎదుట తగవు రాదు.

ఆరవ పని: పేరు, పత్రాలు, చట్టం

పేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు. ఉమర్, ఖాలిద్ వంటివారు ఇస్లాంకు ముందున్న పేర్లతోనే కొనసాగారు. అల్లాహ్ తప్ప మరొకరి దాస్యాన్ని సూచించే పేర్లను, చెడ్డ అర్థమున్న పేర్లను ప్రవక్త (స) మార్చారు. మస్జిద్‌లో ఒక పేరుతో పిలిపించుకుంటూ, పత్రాల్లో పాత పేరే ఉంచుకున్నా నష్టం లేదు. మన దగ్గర ఆధార్, పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ పదో తరగతి మెమోలోని పేరునే పట్టుకుని నడుస్తాయి గనుక తొందరపడవద్దు. మార్చుకోదలచినవారు నోటరీ అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ ప్రచురణ అన్న వరుసలో వెళ్లాలి. పేరు మార్చుకోకపోయినా, స్వేచ్ఛగా ఇస్లాం స్వీకరించినట్లు ఒక అఫిడవిట్, మస్జిద్ నుంచి ఒక లేఖ దగ్గర ఉంచుకోవడం మంచిది. నికాహ్ సమయంలో, హజ్ ఉమ్రాలకు వెళ్లేటప్పుడు అవి అడగవచ్చు.

కలిమాకు ముందే తెలియవలసిన కొన్ని చట్టపు సంగతులు ఉన్నాయి, వీటిని దాచడం ద్రోహం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదాను వర్తింపజేసింది. కాబట్టి ఇస్లాం స్వీకరించిన దళితులు ఆ రిజర్వేషన్‌ను కోల్పోతారు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఎస్టీల ఉత్తర్వులో మతం షరతుగా లేదు. ఆస్తి విషయానికొస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 26వ సెక్షన్ మతం మారినవారికి ఆ తరువాత పుట్టిన పిల్లలను హిందూ బంధువుల వారసత్వం నుంచి మినహాయిస్తుంది. చదువు మధ్యలో ఉన్న విద్యార్థికి, ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూస్తున్న యువతికి ఇవన్నీ జీవితాన్ని మలుపు తిప్పే విషయాలు.

పెళ్లి గురించి రెండు మాటలు. హిందూ వివాహం చేసుకున్న పురుషుడు ఆ వివాహం రద్దు కాకుండా ఇస్లాం స్వీకరించి రెండో పెళ్లి చేసుకుంటే అది చెల్లదని, శిక్షార్హమైన నేరమని సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులోనూ, 2000లో మళ్లీ చెప్పింది. అలాంటి ఉద్దేశంతో వచ్చినవారికి మస్జిద్ తలుపు దగ్గరే చెప్పి పంపడం ఆ మొదటి భార్య పట్ల మన కర్తవ్యం. ఇక ఒంటరిగా వచ్చిన యువతికి నెల తిరగకముందే సంబంధాలు చూసే అలవాటు మానాలి. కనీసం ఏడాది ఆగనివ్వండి. ఆమెకు వలీగా (పెళ్లి సంరక్షకుడిగా) ఎవరు ఉండాలో, మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము) ఎంతో, తన పేరు మీద బ్యాంకు ఖాతా ఎందుకు ఉండాలో జత ఇంటి స్త్రీలు వివరంగా చెప్పాలి. వయోజనురాలైన స్త్రీ తన విశ్వాసాన్నీ, జీవిత భాగస్వామినీ ఎంచుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో హాదియా కేసులో గుర్తించింది. ఆ హక్కు జమాత్ (స్థానిక ముస్లిం సమాజం) పెద్దల ఒత్తిడి నుంచి కూడా ఆమెను కాపాడాలి.

ఏడవ పని: మొదటి రంజాన్, డబ్బు సాయం

మన ప్రాంతంలో ఉపవాసం 13, 14 గంటల దాకా సాగుతుంది. ముందు నెల షాబాన్‌లో వారానికి ఒక రోజు చొప్పున అలవాటు చేయించండి. మధుమేహం వంటి జబ్బులున్నవారికి మినహాయింపు ఉందని, అది బలహీనత కాదని చెప్పండి. హాస్టల్‌లో ఉండేవారికి సహరీకి (తెల్లవారకముందు భోజనానికి) అన్నం పెట్టేవారుండరు. వారి గదికి రాత్రే ఒక డబ్బా చేరే ఏర్పాటు ఉంటే చాలు. ఈద్ రోజు నమాజు అయ్యాక ఎక్కడికి వెళ్లాలో తెలియక ఈద్గా బయట నిలబడ్డ నవముస్లిం ఒక్కరు కూడా మీ ఊళ్లో ఉండకూడదు.

ఇల్లు, ఉద్యోగం పోగొట్టుకున్నవారికి సాయం అందించడానికి మార్గం ఖుర్‌ఆన్‌లోనే ఉంది. తౌబా సూరా (9:60) చెప్పిన 8 రకాల జకాత్ అర్హుల్లో హృదయాలను దగ్గర చేసుకోవలసినవారు ఒక వర్గం. పేదలు, అప్పుల పాలైనవారు కూడా ఆ జాబితాలోనే ఉన్నారు. అద్దె, ఫీజు, వృత్తి శిక్షణ రూపంలో, ఫొటోలు లేకుండా, ఆరు నెలల గడువు పెట్టుకుని ఇవ్వండి. అలాగే నవముస్లిం దగ్గర 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువకు సమానమైన సొమ్ము ఏడాది నిలిచి ఉంటే అతను కూడా రెండున్నర శాతం జకాత్ ఇవ్వవలసినవాడే. ఇచ్చే చేయిగా నిలబడటం అతనికి ఎంతో గౌరవాన్ని ఇస్తుంది.

గల్ఫ్‌లో కలిమా చదివినవారి సంగతి కొంచెం వేరు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు, కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ వెళ్లిన కార్మికులు కొందరు అక్కడ ఇస్లాం స్వీకరిస్తారు. చుట్టూ అజాన్ వినిపించే చోట సులువుగా నడిచిన ఆచరణ, సొంత ఊరికి దిగిన మర్నాడే కష్టమవుతుంది. తిరిగి రావడానికి ముందే ఊరికి దగ్గరలోని మస్జిద్‌తో, ఒక కుటుంబంతో ఫోన్ పరిచయం కల్పించండి.

ఎనిమిదవ పని: వాదాల నుంచి దూరంగా ఉంచడం

ఊళ్లో పీర్ల పండుగ, దర్గా ఉర్సు చూస్తూ పెరిగి ఇస్లాం అంటే అదే అనుకున్న వ్యక్తికి, మస్జిద్‌లో వాటిని తప్పుపట్టే ప్రసంగం వినిపిస్తుంది. మరో మస్జిద్‌లో వాటిని సమర్థించే మాట వినిపిస్తుంది. బరేల్వీ, దేవ్‌బందీ, అహ్లె హదీస్ అన్న వర్గాల పేర్లు అతని చెవిన పడి, తాను సరైన చోటికే వచ్చానా అన్న కలవరం పుడుతుంది. చేతులు ఎక్కడ కట్టాలి, ఆమీన్ ఎంత గట్టిగా అనాలి అన్న భేదాలు ప్రాచీన ఇమాముల కాలం నుంచీ ఉన్నవేననీ, మొదటి ఏడాది దగ్గరలోని మస్జిద్ పద్ధతిలో చదివితే చాలనీ చెప్పండి. ప్రతి ప్రశ్నకు యూట్యూబ్‌లో జవాబు వెతకకుండా, ఒకే ఆలింను ఎంచుకుని ఆయనను అడగడం మంచిది.

చివరిగా మిగిలేది ఎవరూ మొదట్లో మాట్లాడని విషయం. ఒంటరిగా ఉన్న నవముస్లిం అకస్మాత్తుగా మరణిస్తే ఎవరి పద్ధతిలో సాగనంపాలన్న వివాదం కుటుంబానికీ జమాత్‌కూ మధ్య తలెత్తుతుంది. తన కోరికను ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసి ఒక ప్రతిని ఇంట్లో, ఒక ప్రతిని మస్జిద్‌లో ఉంచమనండి. తల్లిదండ్రులకు తానే నెమ్మదిగా చెప్పి ఒప్పించమనండి. అతని పేరును జమాత్ రిజిస్టరులో ఎక్కించి, ఖబ్రస్తాన్‌లో (శ్మశానంలో) అతనికి చోటు ఉందని కమిటీ చేత ముందే రాయించి పెట్టండి.